కిట్ బ్యాగు నేను మోశాను, అదే కొంప ముంచింది

నిన్న రాత్రే టెక్సస్‌లోని మా ఫ్రిస్కో చేరాం. నడుము ఇంకా పట్టేసే ఉంది. మూడు రోజుల్లో నాలుగు కాలేజీలు తిరిగొచ్చాం, మావాడి బేస్‌బాల్ కోసం, ఏ కాలేజీ జట్టులో చోటు దొరుకుతుందో చూద్దామని. వాడు పదో తరగతి, క్యాచర్, అంటే మన వికెట్ కీపర్ లాంటివాడు. నేను గుంటూరులో టెన్నిస్ బంతితో క్రికెట్ ఆడినవాణ్ణి, ఈ ఆటలో నాకు తెలిసింది అంతంతమాత్రమే.

హోటళ్ళు, పెట్రోలు, క్యాంపస్ టూర్లు వీటికేం ఇబ్బంది లేదు. హ్యూస్టన్‌లో రైస్ యూనివర్సిటీ వాళ్ళ బేస్‌బాల్ మైదానం రెక్లింగ్ పార్కు బయట నిలబడి, ఇంత చిన్న యూనివర్సిటీ 2003లో ఓమాహా వెళ్ళి కాలేజీల జాతీయ కప్పు ఎలా కొట్టిందిరా అనుకున్నాం. మా ఆవిడ కట్టిన పులిహోర అక్కడే అయిపోయింది.

ముందు నా తెలివితక్కువతనం చెప్తాను. ఒక డివిజన్ వన్ కాలేజీ (కాలేజీ ఆటల్లో అన్నిటికంటే పై స్థాయి) నుంచి మావాడికి ఈమెయిల్ వచ్చింది, మా క్యాంపుకి రమ్మని. నేను ఉబ్బిపోయి వాట్సాప్‌లో చుట్టాలందరికీ చెప్పేశాను. మా బావగారు గుంటూరు నుంచి ఫోన్ చేసి "సీటు వచ్చినట్టేనా?" అన్నారు. తీరా వెళ్తే మైదానం నిండా పిల్లలే, అందరికీ అదే ఈమెయిల్. అది పిలుపు కాదు, క్యాంపు కరపత్రం. డబ్బు కట్టిన ఎవరినైనా రానిస్తారు.

పైగా హెడ్ కోచ్‌కి ఎదురెళ్ళి చెయ్యి చాపితే నవ్వి, పలకరించి, చకచకా వెళ్ళిపోయాడు. మన రంగు చూసి, మన పేరు చూసి అలా చేశాడని రగిలిపోయాను. పక్కన కూర్చున్న ఇంకో పిల్లాడి నాన్న విడమరిచి చెప్పాడు: డివిజన్ వన్ కోచ్‌లు పదకొండో తరగతికి ముందు వచ్చే ఆగస్టు 1 దాకా పిల్లలతో రిక్రూటింగ్, అంటే జట్టులోకి తీసుకునే సంగతులు మాట్లాడకూడదు, అది రూలు. కరపత్రాలు మాత్రం ఎప్పుడైనా పంపొచ్చట! మాట్లాడకూడదు గానీ డబ్బు తీసుకోవచ్చన్నమాట. ఈ రూలు పెట్టినవాళ్ళకి ఒక దండం. పదో తరగతిలో ఉన్నవాణ్ణి ఈమెయిల్ చూసి క్యాంపుకి తీసుకెళ్ళకండి. అక్కడ ఎవరైనా నేర్పేవాళ్ళుంటేనే వెళ్ళండి.

అసలు పరువు పోయింది మూడో రోజు, ఒక చిన్న డివిజన్ త్రీ కాలేజీలో. పేరు చెప్పను. డివిజన్ త్రీ వాళ్ళకి ఆ ఆగస్టు గొడవ లేదు, ఇప్పుడే మాట్లాడొచ్చు. ఆటకి స్కాలర్‌షిప్ ఇవ్వరు గానీ మార్కులకి ఇస్తారు, మావాడి మార్కులకి లోటు లేదు.

పార్కింగులో దిగగానే మావాడి కిట్ బ్యాగు నేను భుజాన వేసుకున్నాను. క్యాచర్ బ్యాగంటే హెల్మెట్, ఛాతీ కవచం, కాళ్ళ ప్యాడ్లు, రెండు బ్యాట్లు. వాడు ఫోను చూసుకుంటూ వెనక వస్తున్నాడు. ఎల్‌కేజీ నుంచి వాడి బ్యాగు మోసేది నేనే, నాకు అందులో వింతేమీ కనపడలేదు. గేటు దగ్గర అసిస్టెంట్ కోచ్ నన్నూ బ్యాగునీ వాణ్ణీ చూసి "మీలో ఆడేది ఎవరు?" అన్నాడు. జోకనుకుని నేనూ నవ్వాను. మావాడు నవ్వలేదు. బ్యాగు నా భుజం మీంచి లాక్కున్నాడు.

లోపల హెడ్ కోచ్ గది. పాప్ టైమ్ ఎంత అని అడిగాడు. అంటే బంతి క్యాచర్ చేతిలో పడ్డప్పట్నుంచి రెండో బేస్‌లో ఉన్నవాడి చేతికి చేరేదాకా పట్టే టైమ్. "2.1, సర్" అన్నాను నేను. పదో తరగతికి అది చెత్త టైమేమీ కాదు, గొప్పకి చెప్పట్లేదు, సరే, గొప్పకే చెప్తున్నాను. ఏం చదవాలనుకుంటున్నావు అన్నాడు. "కంప్యూటర్ సైన్స్" అన్నాను. వరసగా మూడుసార్లు అవుటైన రోజు ఏం చేస్తావు అన్నాడు. "మావాడు దిగులు పడడు సర్, చాలా గట్టివాడు" అన్నదీ నేనే.

ఆయన చాలా మర్యాదగా లేచి తలుపు తీశాడు. "మా క్యాంటీన్‌లో కాఫీ బాగుంటుంది. ఒక అరగంట మీరిద్దరూ తాగి రండి."

యాభై ఏళ్ళు దగ్గర పడుతున్న మనిషిని, పదిమందికి మేనేజర్ని. బయటికి పంపేశాడు! క్యాంటీన్‌లో మా ఆవిడ ఒకటే నవ్వు. "పెళ్ళిచూపుల్లో అమ్మాయిని పాట పాడమంటే తండ్రి గొంతు సవరించుకున్నట్టుంది మీ వరస" అంది. కాఫీ కూడా బాగాలేదు.

అరగంట అన్నది గంట దాటింది. బయటికొచ్చాక ఏం మాట్లాడుకున్నార్రా అంటే "ఊరికే" అన్నాడు.

ఈ పొద్దున ఆ కోచ్ దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది, మావాడికి మాత్రమే. ఏం రాశాడ్రా అని రెండుసార్లు అడిగాను. "నాకు రాశాడు నాన్నా" అని స్కూలుకెళ్ళిపోయాడు. బ్యాగు వాడే వేసుకున్నాడు.