సుగర్ లేనోళ్లకూ సుగర్ మాత్ర

"నాకు సుగరే లేదు గదరా, ఈ మాత్ర యాల?" కర్నూలు పెద్దాసుపత్రి బయట మెడికల్ షాపాయన స్ట్రిప్ చేతిలో పెట్టి "సుగర్ మాత్ర, పొద్దున ఒకటి" అన్నప్పటి నుంచి నాయనది ఇదే గొడవ. ఆయనకున్నది బీపీ, కిడ్నీ జబ్బు. మూత్రంలో ప్రోటీన్ పోతోంది. రాసిందేమో డాపాగ్లిఫ్లోజిన్.

డాక్టరమ్మ చెప్పారు గానీ ఆ ఓపీ రద్దీలో నాయన చెవికెక్కలేదు. ఇంటికొచ్చి నేనే చదివాను. 2020లో ఫలితాలొచ్చిన డాపా-సీకేడీ ట్రయల్‌లో 4304 మంది కిడ్నీ రోగులు. సగం మందికి అసలు మందు, సగం మందికి ఉత్తుత్తి మాత్ర. ఎవరికేది పడుతోందో రోగికీ తెలీదు, డాక్టరుకీ తెలీదు. వాళ్లలో దాదాపు మూడో వంతు మందికి సుగర్ లేనే లేదు! కిడ్నీ పనితీరు సగానికి పడిపోవడం, పూర్తిగా పాడవడం, కిడ్నీ వల్లో గుండె వల్లో చనిపోవడం... ఇవన్నీ కలిపి చూస్తే మందు వాడినవాళ్లకు ముప్పు 39 శాతం తక్కువ. తేడా అంత స్పష్టంగా ఉండేసరికి ట్రయల్‌ని ముందుగానే ఆపేశారు.

ఈ మందుల వంశానికి మూలం 1835లో ఆపిల్ చెట్టు బెరడులో దొరికిన పదార్థమట. నాకైతే ఇదే భలే అనిపించింది. ఈ మందు, కిడ్నీ చక్కెరను మళ్లీ రక్తంలోకి లాక్కోకుండా ఆపి మూత్రంలో వదిలేయిస్తుంది. దాంతో కిడ్నీ లోపలి జల్లెళ్ల మీద ఒత్తిడీ తగ్గుతుంది.

"చెట్టు మందా? ముందే చెప్పొచ్చు గదా!" అని నాయన గుటుక్కున మింగేశాడు. ఇప్పుడది ల్యాబ్‌లో తయారవుతుందని నేను చెప్పలేదు. వాంతులైనా, తిండి పోకపోయినా మాత్ర ఆపి ఫోన్ చేయమన్నారు డాక్టరమ్మ. అది మాత్రం గోడ క్యాలెండర్ మీద పెద్దక్షరాలతో రాసిపెట్టాను.