రెండు కోట్ల లాకర్

బ్యాంకు లాకర్ కాదు. ఇత్తడి మెరుపు పోకుండా కొట్టే క్లియర్ లాకర్, అంటే రంగులేని వార్నిష్ లాంటి పూత; కోట్లంటే రెండు పొరలు. ఆ రెండు కోట్లకి నాకు మూడు నెలలు పట్టింది.

బర్కత్‌పురలో మా పాత ఇంటి తలుపులకు తాత పెట్టించిన ఇత్తడి గొళ్ళాలు, గడియలు, హ్యాండిళ్ళు ఉన్నాయి. ఎప్పుడో ఒక పెయింటర్ వాటి మీద క్లియర్ కొట్టిపోయాడు. చెయ్యి తగిలేచోట ఆ పొర అరిగింది. అక్కడ మొదలైన చిలుము పొర కిందుగా సాలెగూడు గీతల్లా పాకింది.

"చింతపండు పెట్టి తోమితే పాయె, గింత లొల్లెందుకురా?" అంది అమ్మ. తోమాను. పొర ఊడినచోట తళతళ, పొర ఉన్నచోట పులుపు ఇత్తడిని తాకనే లేదు. గొళ్ళెం మచ్చలకుక్కలా తయారైంది.

అంటే ముందు పాత పొర పోవాలి. అన్నీ విప్పి అయస్కాంతం పెట్టి చూశాను. రెండు అతుక్కున్నాయి: ఇనుము మీద ఇత్తడి పూత. గీకితే ఇనుము బయటపడుతుందని వాటిని పక్కన పెట్టేశా. మిగతావాటికి రాణీగంజ్‌లో కొన్న థిన్నర్‌తో తడిపిన గుడ్డ చుట్టి, పైన పాలిథిన్ కట్టి, మేడ మీద అరగంట ఉంచాను. పొర పాల మీగడలా ముడతలు పడి ఊడొచ్చింది. తరవాత తడిపి రుద్దే గరుకు కాగితం, వాటర్ పేపర్, 400, 600, 1000 నంబర్లు ముతక నుంచి నునుపుకి వరసగా, ఎప్పుడూ ఒకే దిక్కుకి. ఆపైన ఇత్తడి పాలిష్ బ్రాసో.

ఆగస్టులో వాన వెలిసిన సాయంత్రం స్ప్రే కొట్టాను. నా తొందర. ఐదు నిమిషాల్లో కళ్ళద్దాల మీద ఊదినట్టు అంతా తెల్లగా మసకేసింది. లాకర్‌లోని ద్రావకం ఆవిరవుతూ లోహాన్ని చల్లబరుస్తుంది. గాల్లో తేమ ఎక్కువుంటే అది ఆ తడి పొర మీదే చేరుతుంది. మళ్ళీ థిన్నరు, మళ్ళీ గుడ్డ, మొదటికి.

అక్టోబరులో ఎండ బాగా కాసిన రోజు చూసుకుని మళ్ళీ దిగాను. బ్రాసో వదిలిన జిడ్డు మీద లాకర్ పట్టదు కాబట్టి అసిటోన్‌తో తుడిచి, ఇక గ్లౌజులు లేకుండా ముట్టుకోలేదు. ముక్కల్ని గోరువెచ్చనయ్యేదాకా ఎండలో పెట్టి, తీగకు వేలాడదీసి పల్చగా ఒక కోటు, ఆరాక ఇంకోటి. అద్దంలా వచ్చాయి.

ముట్టుకోలేదన్నానా? మూడు వారాలకి పూజగది గడియ మీద పొర లోపల నా బొటనవేలి ముద్ర గోధుమరంగులో తేలింది. గీతలు లెక్కపెట్టొచ్చు. ఆధార్ వాళ్ళకి కూడా అంత బాగా పడలేదు.

వీధి తలుపు హ్యాండిల్‌కి మాత్రం ఏమీ కొట్టలేదు. పొద్దున్నుంచి రాత్రిదాకా చేతులు పడేచోట ఏ పొరా నిలవదు. అప్పుడప్పుడు మైనం రుద్దుదామనుకున్నా. దీపావళి ముందురోజు చూస్తే అమ్మ అప్పటికే చింతపండు నానబెట్టి కూర్చుంది.