ఒకే నెలలో రెండోసారి ఎమర్జెన్సీ ట్యాబ్లెట్: నా అనుభవం

గర్భం రాకుండా వేసుకునే ఎమర్జెన్సీ ట్యాబ్లెట్లలో మొదటిది నెలసరి మొదలైన 13వ రోజు ఉదయం వేసుకున్నాను, రెండోది 25వ రోజున. మధ్యలో పన్నెండు రోజులే. ఇలా వేసుకోవాల్సి వచ్చిన ప్రతి మనిషీ ముందు అడిగేది "గర్భసంచి పాడవుతుందా, రేపు పిల్లలు పుట్టరా" అని. పాడవదు, పుడతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల్లో ఇన్నిసార్లే వేసుకోవాలన్న పరిమితి లేదు, ఒకే నెలలో రెండోసారి అవసరమైతే వేసుకోవచ్చు. భయపడాల్సింది దానికి కాదు. మొదటి ట్యాబ్లెట్ తర్వాత వచ్చే రోజుల లెక్క తప్పుతుంది. నేను దెబ్బతిన్నది అక్కడే, చాలామంది దెబ్బతినేదీ అక్కడే.

ముందు మందు సంగతి. మన మెడికల్ షాపుల్లో ఐ-పిల్, అన్‌వాంటెడ్-72 లాంటి పేర్లతో అమ్మేవాటిలో ఉండేది ఒకటే, లెవోనార్‌జెస్ట్రెల్ అనే హార్మోన్ 1.5 మిల్లీగ్రాములు. గర్భం రాకుండా రోజుకొకటి వేసుకోమని ప్రభుత్వం ఇచ్చే మాలా-ఎన్ మాత్రలో అదే మందు 0.15 మిల్లీగ్రాములు ఉంటుంది, దాంతోపాటు కొంచెం ఈస్ట్రోజన్ అనే ఇంకో హార్మోన్. అంటే ఒక ఎమర్జెన్సీ ట్యాబ్లెట్‌లో పది మాలా-ఎన్ మాత్రలంత లెవోనార్‌జెస్ట్రెల్ ఉందన్నమాట. వినడానికి భయంగా ఉంటుంది గానీ, లెక్క పూర్తిచేసి చూడండి: రెండు ఎమర్జెన్సీ ట్యాబ్లెట్లు కలిపితే 3 మిల్లీగ్రాములు, ఒక మాలా-ఎన్ ప్యాకెట్‌లోని 21 తెల్ల మాత్రలు కలిపితే 3.15. నెలనెలా కోట్ల మంది మింగే మోతాదు కంటే ఇది ఎక్కువేమీ కాదు. తేడా ఏంటంటే ఎమర్జెన్సీ ట్యాబ్లెట్‌లోని 1.5 మిల్లీగ్రాములూ ఒక్కసారిగా లోపలికి వెళ్తాయి. అందుకే వికారం, తలనొప్పి, రొమ్ముల్లో సలుపు, నెలసరి తేదీ తారుమారు.

ఇది పనిచేసేది అండం విడుదలను వెనక్కి నెట్టి. అంతే. అప్పటికే నిలిచిన గర్భాన్ని ఏమీ చేయదు, అబార్షన్ ట్యాబ్లెట్ కాదు. అండం విడుదలకు ముందు ఒంట్లో ఎల్‌హెచ్ అనే హార్మోన్ ఒక్కసారి ఎగస్తుంది. ఆ ఎగయడం మొదలుకాక ముందు ట్యాబ్లెట్ పడితే పని జరుగుతుంది, మొదలయ్యాక పడితే దాదాపు జరగదు. 72 గంటల్లోపు ఎప్పుడైనా వేసుకోవచ్చని పెట్టె మీద రాసి ఉన్నా, పన్నెండో గంటలో వేసుకోవడానికీ డెబ్బయ్యో గంటలో వేసుకోవడానికీ తేడా ఉంటుంది. ఆలస్యమయ్యేకొద్దీ అండం ముందుకెళ్లిపోతుంది. సమయానికి వేసుకున్నా నూటికి ఒకరిద్దరికి గర్భం వస్తూనే ఉంటుంది.

ఇప్పుడు అసలు చిక్కు. వెనక్కి నెట్టడమంటే ఆపేయడం కాదు. మందు కొన్ని రోజుల్లో ఒంట్లోంచి వెళ్లిపోతుంది, ఆ తర్వాత అండం తన పని తాను చేసుకుంటుంది. మామూలుగా 14వ రోజు విడుదల కావాల్సింది 18నో 20నో కావచ్చు, ఇంకా ఆలస్యం కావచ్చు. వీర్యకణాలు లోపల ఐదు రోజుల దాకా బతికి ఉంటాయి. అందుకని "ట్యాబ్లెట్ వేసుకున్నాను కదా, ఈ నెలకి ఇక ఫర్వాలేదు" అనుకోవడం ఉన్న పొరపాట్లన్నింట్లోకీ పెద్దది. ట్యాబ్లెట్ వేసుకోక ముందు జరిగినదాన్ని కాస్తుంది, తర్వాత జరిగేదాన్ని కాయదు. ఇంకోవైపు, ట్యాబ్లెట్‌కి ముందు రెండు మూడు రోజుల్లో రెండు మూడుసార్లు కలిసినా, అవన్నీ 72 గంటల్లోపువైతే ఒకటే ట్యాబ్లెట్ చాలు. ఒక్కోదానికి ఒక్కోటి అక్కర్లేదు.

నా కాగితం మీద రాసుకున్న లెక్క ఇలా ఉంది. 12వ రోజు రాత్రి పదకొండుకి కండోమ్ చిరిగింది. 13వ రోజు ఉదయం పదికి ట్యాబ్లెట్, అంటే పదకొండు గంటలు. 18వ రోజు నుంచి మూడు రోజులు బ్లీడింగ్, ముందు కాఫీ రంగులో, తర్వాత ఎర్రగా, రోజుకి రెండు ప్యాడ్లు. 23వ రోజు రాత్రి పదకొండుకి ఏ జాగ్రత్తా లేకుండా కలిశాం. కారణం ఒకటే, 18న వచ్చింది నెలసరి అనుకోవడం. "డేట్ అయిపోయి మూడు రోజులే, సేఫ్" అన్న లెక్క.

అది నెలసరి కాదు. మందు ఒక్కసారిగా పెరిగి తగ్గడంతో గర్భసంచి లోపలి పొర కాస్త ఊడి పడిన రక్తం. నెలసరికీ దీనికీ తేడా చూసి చెప్పడం కష్టం, కొందరికి ఒక చుక్కే కనిపిస్తుంది, కొందరికి నాలుగు రోజులు పోతుంది. కాబట్టి ట్యాబ్లెట్ వేసుకున్న వారం పది రోజుల్లో వచ్చే బ్లీడింగ్‌ను మొదటి రోజుగా పెట్టుకుని లెక్క మొదలుపెట్టొద్దు. ఫోన్లో పీరియడ్ యాప్ వాడేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. దాన్ని నెలసరిగా నమోదు చేస్తే యాప్ బుద్ధిగా పచ్చ రంగులో సేఫ్ రోజులు చూపిస్తుంది. ఆ బ్లీడింగ్ వచ్చింది కాబట్టి గర్భం రాలేదని అనుకోవడం కూడా తప్పే.

రెండోసారి షాపుకి వెళ్లినప్పుడు చూడాల్సినవి. డాక్టర్ చీటీ అక్కర్లేదు, ధర వంద రూపాయల చుట్టుపక్కల. షాపులో పేపర్లో చుట్టి ఇస్తారు, మనమూ గబగబా బ్యాగ్‌లో పెట్టేసుకుంటాం, అక్కడే తప్పు మందు చేతికి వస్తుంది. పక్కకి వెళ్లయినా సరే విప్పి చూడండి. స్ట్రిప్ మీద లెవోనార్‌జెస్ట్రెల్ 1.5 అని ఉండాలి. 0.75 మాత్రలు రెండు ఉంటే రెండూ ఒకేసారి మింగాలి. మిఫెప్రిస్టోన్, మిసోప్రోస్టాల్ అని ఉంటే అది గర్భం తీసేసే కిట్, డాక్టర్ చూడకుండా వాడకూడనిది, దీనికి సంబంధం లేనిది. నోరెథిస్టెరోన్ 5 మిల్లీగ్రాములు అని ఉంటే అది పెళ్లికో వ్రతానికో తిరుపతి ప్రయాణానికో డేట్ వాయిదా వేసుకునే ట్యాబ్లెట్. ఇంట్లో మిగిలి ఉంది కదా అని దాన్ని మింగేవాళ్లున్నారు. అది ఈ పని చేయదు. ఊళ్లో అయితే ఆశా కార్యకర్త దగ్గర ప్రభుత్వ ట్యాబ్లెట్ ఉంటుంది, ఇంటికి తెచ్చిస్తే రెండు రూపాయలు. మందు అదే, మోతాదు అదే. బొప్పాయి, నువ్వులు బెల్లం తింటే గర్భం రాదని ఎవరైనా చెబితే తినండి, రుచిగా ఉంటాయి, అంతకుమించి ఏమీ చేయవు.

25వ రోజు ఉదయం ఎనిమిదికి, ఇడ్లీ తిన్నాక రెండో ట్యాబ్లెట్ వేసుకున్నాను. అప్పటికి 33 గంటలు. తొమ్మిదీ నలభైకి వాంతి అయింది. వేసుకున్న రెండు మూడు గంటల్లోపు వాంతి అయితే మందు పూర్తిగా ఒంటపట్టలేదని లెక్క, మళ్లీ ఒకటి వేసుకోవాలి. వాంతిలో మాత్ర కనిపించిందా లేదా అని వెతకడం అనవసరం, కరిగిపోయి ఉంటుంది. పదకొండుకి, వాంతి ఆగే మాత్ర వేసుకున్న అరగంట తర్వాత, ఇంకోటి వేసుకున్నాను. 36 గంటలు, ఇంకా గడువులోనే. నాలుగో గంటలోనో సాయంత్రమో వాంతి అయితే మళ్లీ వేసుకోనక్కర్లేదు. ఒకసారి వాంతి అయినవాళ్లు రెండోసారికి రెండు స్ట్రిప్పులు తెచ్చుకోవడం తెలివైన పని, రాత్రిపూట షాపులు మూసి ఉంటాయి.

గట్టిగా పనిచేస్తుందని ఒకేసారి రెండు మింగడం మామూలువాళ్లకి దండగ, వికారం రెట్టింపవడం తప్ప. మినహాయింపులు రెండున్నాయి. టీబీకి రిఫాంపిసిన్ వాడుతున్నవాళ్లు, ఫిట్స్‌కి కార్బమజెపైన్ లేదా ఫెనిటాయిన్ వాడుతున్నవాళ్లు: ఆ మందులు లివర్‌ను ఉరకలేయించి లెవోనార్‌జెస్ట్రెల్‌ను త్వరగా బయటికి పంపేస్తాయి. రెండోది బరువు, 70 కిలోలు దాటినా, బీఎంఐ (ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క) 26 దాటినా ఒక మాత్ర బలం తగ్గుతుంది. ఈ రెండు సందర్భాల్లో బ్రిటన్ మార్గదర్శకాలు 3 మిల్లీగ్రాములు, అంటే రెండు మాత్రలు వాడొచ్చంటాయి. మన దగ్గర డాక్టర్‌ని అడిగి వేసుకోవాలి. అడిగేటప్పుడు "టీబీ మందు వాడుతున్నాను" అన్న ముక్క మనమే ముందు చెప్పాలి, ఎవరూ అడగరు. అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉన్నవాళ్లకి ఇంకో మెలిక. అక్కడ యులిప్రిస్టల్ 30 మిల్లీగ్రాములు అనే వేరే ట్యాబ్లెట్ కూడా ఉంది, ఐదు రోజుల దాకా పనిచేస్తుంది. ఒకసారి అది, కొద్ది రోజులకే ఇది అని మార్చి వేసుకుంటే ఒకదాని పని ఇంకోటి చెడగొడుతుంది. ఆ వారంలోనే మళ్లీ అవసరం పడితే, ముందు వేసుకున్న రకమే వేసుకోవాలి.

గర్భసంచిలో వేసే కాపర్-టీ మాట నాకు ఆలస్యంగా గుర్తొచ్చింది. కలిసిన ఐదు రోజుల్లోపు వేయించుకుంటే ఉన్న అత్యవసర పద్ధతులన్నింట్లోకీ గట్టిది అదే, నూటికి 99 మందికి పైగా గర్భం రాదు. బరువుతో పని లేదు, వాంతితో పని లేదు, 380ఏ రకమైతే పదేళ్లు, 375 రకమైతే ఐదేళ్లు కాస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. మొదటిసారి ట్యాబ్లెట్‌తో సరిపెట్టుకున్నా, నెల తిరక్కుండా రెండోసారి అవసరం పడినవాళ్లు ముందుగా ఆలోచించాల్సింది దీని గురించే. చిక్కల్లా, పెళ్లికానివాళ్లనో పిల్లలు లేనివాళ్లనో చూసి "మీకెందుకమ్మా" అని వెనక్కి పంపేవాళ్లు ఉంటారు. పిల్లలు పుట్టనంత మాత్రాన కాపర్-టీ వేయకూడదన్న నియమం లేదు. ఇంకో చోటికి వెళ్లడానికి మూడు రోజులైనా చేతిలో ఉండేలా మొదటిరోజే కదలాలి.

నేను ట్యాబ్లెట్ దారిలోనే వెళ్లాను కాబట్టి మరుసటి రోజు, 26న, మాలా-ఎన్ మొదలుపెట్టాను. లెవోనార్‌జెస్ట్రెల్ తర్వాత నెలసరి కోసం ఆగక్కర్లేదు, వెంటనే మొదలుపెట్టొచ్చు, మొదటి ఏడు రోజులు మాత్రం కండోమ్ తప్పనిసరి. యులిప్రిస్టల్ వేసుకున్నవాళ్లు అయితే ఐదు రోజులు ఆగి మొదలుపెట్టాలి. బీపీ ఉన్నవాళ్లు, కళ్ల ముందు మెరుపులు కనిపించే మైగ్రేన్ ఉన్నవాళ్లు, ఆరు నెలల లోపు పసిబిడ్డకి పాలిస్తున్నవాళ్లు మాలా-ఎన్ జోలికి పోకూడదు. పాలిచ్చేవాళ్లకి మూడు నెలలకోసారి తీసుకునే 'అంతర' అనే గర్భనిరోధక ఇంజెక్షన్ ఉంది, కాన్పయిన ఆరు వారాల తర్వాత. హార్మోన్ వద్దనుకునేవాళ్లకి 'ఛాయ' అనే గర్భనిరోధక మాత్ర, మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికొకటి. కాకపోతే దాన్ని నెలసరి మొదటి రోజున మొదలుపెడతారు, అంతవరకు కండోమే గతి.

మాలా-ఎన్ వెంటనే మొదలుపెట్టడంలో ఒక ఇబ్బంది ఉంది. "డేట్ వారం దాటితే టెస్ట్ చేసుకో" అన్న మామూలు సలహా ఇక్కడ పనికిరాదు. ఎందుకంటే ఆ మాత్రలు వేసుకున్నన్నాళ్లు డేట్ రాదు, ప్యాకెట్ చివర నల్లగా ఉండే ఏడు ఐరన్ మాత్రలకి వచ్చాకే వస్తుంది. అప్పుడు వచ్చేది కూడా మాత్రలు ఆపడం వల్ల వచ్చేదే, గర్భం లేదనడానికి రుజువు కాదు. నమ్మదగ్గ లెక్క ఒకటే: చివరిసారి జాగ్రత్త లేకుండా కలిసిన రోజు నుంచి 21 రోజులు. నాకు 23 ప్లస్ 21, అంటే 44వ రోజు. అంతకుముందు చేస్తే నెగెటివ్ వచ్చినా నమ్మడానికి లేదు, టెస్ట్ కిట్ డబ్బులు వృథా.

గర్భం ఉందో లేదో చూసే ఈ టెస్ట్ కిట్ మెడికల్ షాపులో దొరుకుతుంది, ఆశా దగ్గర నిశ్చయ్ కిట్ ఉచితం. పొద్దున్నే మొదటి మూత్రం శుభ్రమైన, సబ్బు వాసన లేని కప్పులో పట్టాలి. కవరు అప్పుడే చింపాలి, ముందురోజు చింపి పెట్టుకుంటే చెమ్మ పడుతుంది. డ్రాపర్‌తో ఎస్ అని ఉన్న గుంటలో కిట్ కవరు మీద రాసినన్ని చుక్కలు, బల్ల మీద కదపకుండా ఐదు నిమిషాలు. సి దగ్గర గీత రాకపోతే కిట్టే చెడింది, ఇంకోటి వాడాలి. టి దగ్గర ఎంత పలచగా గీత వచ్చినా పాజిటివ్ కిందే లెక్క. పది నిమిషాలు దాటాక కనిపించే బూడిదరంగు గీతను లెక్కలోకి తీసుకోవద్దు, చెత్తబుట్టలోంచి తీసి మళ్లీ చూసుకునేవాళ్లకే ఆ గీత కనిపిస్తుంది.

44వ రోజు ఒకటే గీత వచ్చింది. 49న, ఐరన్ మాత్రల మూడో రోజు, బ్లీడింగ్ మొదలైంది. ఈ మధ్యలో ఎప్పుడైనా పొత్తికడుపులో ఒక పక్కన గట్టిగా నొప్పి, కళ్లు తిరగడం, భుజం పోటు ఉంటే టెస్ట్ తేదీ కోసం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి, గర్భం ట్యూబులో నిలిచిందేమో స్కానింగ్‌లో చూస్తారు. అక్కడ ట్యాబ్లెట్లు ఎన్ని, ఏ రోజున, ఎన్ని గంటలకి వేసుకున్నారో అడుగుతారు. నా కాగితం ఇంకా పర్సులోనే ఉంది.