అయాన్ ఫ్యూరీ ఆట డైరీ: పాత ఇంజిన్, కొత్త తుపాకులు

అయాన్ ఫ్యూరీ అనే తుపాకుల వీడియో గేమ్‌లో మెయిన్ క్యాంపెయిన్ (అసలు కథ మొత్తం) పూర్తయింది. ఆడుతూ ఆడుతూ గీకిపెట్టుకున్న నోట్స్ ఇవి, కాస్త సర్ది పెడుతున్నాను. మొదలుపెట్టి మధ్యలో వదిలేసినవాళ్లకి ఎక్కువ పనికొస్తాయి.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 2019 ఆగస్టులో పీసీ మీద వచ్చింది. తయారుచేసింది వాయిడ్‌పాయింట్, విడుదల చేసింది త్రీడీ రెల్మ్స్. రెట్రో షూటర్లు, అంటే తొంభైల శైలి కాల్పుల గేమ్‌లు, ఇప్పుడు చాలానే ఉన్నాయి కానీ వాటిలో ఎక్కువ భాగం కొత్త ఇంజిన్ (గేమ్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్) మీద పాత గేమ్ వేషం వేసినవి. ఇది అలా కాదు. కెన్ సిల్వర్‌మన్ రాసిన బిల్డ్ ఇంజిన్, అంటే 1996లో డ్యూక్ న్యూకెమ్ త్రీడీ నడిచిన అదే ఇంజిన్‌ని మెరుగుపరిచి దాని మీదే కట్టారు. శత్రువులు ఇప్పటికీ స్ప్రైట్లే, అంటే చదునైన 2డీ బొమ్మలే. కథ పెద్దగా లేదు. బాంబులు నిర్వీర్యం చేసే షెల్లీ హారిసన్ మన హీరోయిన్, డాక్టర్ జాడస్ హెస్కెల్ విలన్, అతని సైబర్ సైన్యం నియో డీసీ నగరం మీద పడింది. ఇక కాల్చడమే.

మొదట ఈ గేమ్ పేరు అయాన్ మెయిడెన్. ఐరన్ మెయిడెన్ బ్యాండ్ వాళ్లు 20 లక్షల డాలర్ల దావా వేశాక 2019లో పేరు మార్చారు. నన్నడిగితే కొత్త పేరే బాగుంది.

సెట్టింగ్స్

ఆట మొదలుపెట్టే ముందే టెక్స్చర్ ఫిల్టరింగ్ (బొమ్మల్ని నునుపు చేసే సెట్టింగ్) ఆఫ్ చేయండి. ఆన్‌లో ఉంటే పిక్సెల్స్ అలుక్కుపోయి గోడలన్నీ మసకగా కనిపిస్తాయి, ఆర్టిస్టులు పడ్డ కష్టమంతా పోతుంది. ఫీల్డ్ ఆఫ్ వ్యూ (తెర మీద కనబడే వెడల్పు) కొంచెం పెంచండి, పక్కనుంచి వచ్చేవాడు ముందే కంటపడతాడు. తల తిరుగుతుందనిపిస్తే నడకలో స్క్రీన్ ఊగడం తగ్గించుకోండి. మౌస్‌తో ఆడేవాళ్లు ఆటో ఎయిమ్ (గేమే గురి సర్దడం) తీసేయడం మంచిది. ఈ గేమ్‌లో మజా అంతా తలకి గురిపెట్టి కొట్టడంలోనే ఉంది.

ఇంకొకటి. పాత ఇంజిన్ కదా, ఏ కంప్యూటర్ మీదైనా పరిగెడుతుందిలే అనుకోకండి. ఇలాంటి ఇంజిన్‌లో భారం గ్రాఫిక్స్ కార్డు కన్నా ప్రాసెసర్ మీదే ఎక్కువ పడుతుంది. ఇరుకు గదుల్లో వెన్నలా సాగిన ఆట, పెద్ద బహిరంగ ప్రదేశాల్లోకి వచ్చేసరికి నాకు అక్కడక్కడ తడబడింది.

డిఫికల్టీ నాలుగు స్థాయిలు. నేను మూడోది, అల్ట్రా విసెరా తీసుకున్నాను. ఈ తరహా గేమ్‌లు అలవాటున్నవాళ్లకి అదే సరైనది.

మొదటి జోన్

ఈ గేమ్‌లో జోన్ అంటే కొన్ని లెవెళ్ల గుంపు. మొదటిది వీధుల్లో మొదలవుతుంది. చేతిలో లవర్‌బాయ్, అంటే మూడు గొట్టాల రివాల్వర్, 18 తూటాలు. మొదట దొరికే పిస్తోలు నాలుగో లెవెల్‌కల్లా మూలన పడటం ఈ తరహా గేమ్‌ల్లో మామూలే. ఇక్కడ చివరిదాకా దాన్ని వదల్లేదు. రెండో ఫైర్ బటన్ నొక్కిపట్టి శత్రువుల మీద కర్సర్ తిప్పితే ఒక్కొక్కరి మీదా గుర్తు పడుతుంది, వదలగానే వరసగా అందరికీ తగులుతుంది. దూరంగా బాల్కనీలో నలుగురు షాట్‌గన్‌లతో నిలబడి ఉంటే గోడ చాటునుంచి ఒక్క క్షణం బయటికొచ్చి పని ముగించొచ్చు. దగ్గర పోరులో మాత్రం ఇలా గుర్తులు పెడుతూ కూర్చుంటే చస్తాం. అక్కడ డిస్పర్సర్ షాట్‌గన్ ఉండాల్సిందే. దానిలోనే గ్రెనేడ్లు కూడా పేల్చొచ్చు కాబట్టి గుంపు కనబడితే ముందు గ్రెనేడ్లు, మిగిలినవాళ్లకి షాట్‌గన్.

బౌలింగ్ బాంబులు పిసినారితనంగా దాచుకోవద్దు. నేలమీద దొర్లిస్తే అవే శత్రువు వైపు తిరుగుతాయి. లోపల ఎవరో ఉన్నారని అనుమానం వస్తే తలుపు తెరిచి ఒకటి దొర్లించి పక్కకి తప్పుకోవడం నా పద్ధతి.

ఈ జోన్‌లో నన్ను కట్టిపడేసింది మాత్రం తుపాకులు కాదు, గదులు. ఏ మూలకి వెళ్లినా ఎవరో చేత్తో పేర్చినట్టు ఉంటుంది. ఆఫీసు బల్లల మీద సామాన్లు, గోడల మీద జోకుల పోస్టర్లు, నొక్కితే పనిచేసే స్విచ్‌లు, తన్నితే ఎగిరే బంతులు. సీక్రెట్లు, అంటే దాచిపెట్టిన చోట్లు, లెక్కలేనన్ని. పగుళ్లున్న గోడ కనబడితే పేల్చండి, గాలి గొట్టాల జాలీలు పగలగొట్టండి, కిటికీ అంచు మీదికి దూకగలిగితే దూకి చూడండి. చాలాసార్లు ఆర్మర్ దొరుకుతుంది, కొన్నిసార్లు రెండు లెవెళ్ల తర్వాత రావాల్సిన తుపాకీ ముందే చేతికొస్తుంది. అందుకే మొదటి జోన్‌లో తొందరపడకూడదు.

మధ్య జోన్లు

ఇక్కడే చిక్కు మొదలైంది. గదుల్లో అంత వివరం నింపితే అందులో శత్రువు కనబడడు! చీకటి మూలలో ముదురు బట్టల కల్టిస్టు (హెస్కెల్ అనుచరుడు) నిలబడితే, తుపాకీ మెరుపు కనబడేదాకా అతను కూడా గోడ మీది బొమ్మలాగే ఉంటాడు. అప్పటికే హెల్త్ సగం పోతుంది. కాళ్ల దగ్గర పాకే చిన్న చిన్న యంత్రాలు మరీ చిరాకు. కిందికి చూస్తూ వాటిని కొడుతుంటే పైనుంచి ఇంకొకడు కాలుస్తాడు. వాటికి షాట్‌గన్ తీయకండి, తూటాలు దండగ. పెనిట్రేటర్ గన్‌తో మంట తూటాలు నేలమీదుగా చల్లేయండి. రెండోది దొరికితే రెండు చేతులా పట్టుకోవచ్చు, అప్పుడు ఇంకా సులువు.

కొత్త గదిలోకి అడుగుపెట్టగానే ఒకసారి క్విక్ సేవ్ (ఒక్క బటన్‌తో ఆటని భద్రపరచడం) చేయడం అలవాటు చేసుకోండి. గేమ్ తనంతట తాను చేసే ఆటోసేవ్ ఉంది కానీ వాటి మధ్య దూరం ఎక్కువ.

కీకార్డుల (రంగు రంగుల తలుపులు తెరిచే కార్డులు) వేట నాకు ఇష్టమే. కానీ మధ్య జోన్లలో కొన్ని లెవెళ్లు మరీ పొడవు. శత్రువులందర్నీ కొట్టేశాక ఖాళీ కారిడార్లలో తాళం వేసిన తలుపు ఎక్కడ చూశానా అని తిరగడం బోర్. దీనికి మ్యాప్ వాడాలి. తలుపు రంగు కనబడిన చోటే ఒక నిమిషం ఆగి చుట్టుపక్కల గుర్తు పెట్టుకుంటే తర్వాత తిరుగుడు బాగా తగ్గుతుంది.

సంగీతం గురించి చెప్పకుండా ముందుకి పోలేను. యార్కో రోట్స్టెన్ ట్రాకర్ (పాత కంప్యూటర్ సంగీత సాఫ్ట్‌వేర్) శైలిలో చేసినది, తొంభైల పీసీ గేమ్‌ల వాసన గట్టిగా కొడుతుంది. హెస్కెల్ గొంతు డ్యూక్ న్యూకెమ్‌కి గొంతిచ్చిన జాన్ సెయింట్ జాన్‌దే. షెల్లీ పంచ్ డైలాగులు మాత్రం మొదటి గంటలో నవ్వించాయి, ఆ తర్వాత అవే అవే.

చివరి భాగం

చివరి జోన్లలో కొత్తదనం తగ్గిపోయింది. కొత్త శత్రువుని తెచ్చే బదులు పాతవాళ్లనే రెట్టింపు సంఖ్యలో వదిలారు. మొదట్లో బాస్‌గా భయపెట్టినవాడు తర్వాత మామూలు సిపాయిలా గుంపులో వస్తాడు. ఇది తప్పని అనను, ఈ తరహా గేమ్‌ల ఆనవాయితీయే, కానీ టెన్షన్ పోయి అలసట మిగిలింది. చైన్‌గన్ తిరగడం మొదలుపెట్టడానికి కాస్త సమయం పడుతుంది కాబట్టి మూల తిరిగే ముందే బటన్ నొక్కి ఉంచండి. అయాన్ బో అనే విల్లు లాంటి ఆయుధం తూటాలు పెద్ద శరీరాలున్న శత్రువులకే దాచండి.

చివరి బాస్ పోరు నాకు చప్పగా అనిపించింది. లెవెళ్లలో కనబడిన తెలివి అక్కడ లేదు. చుట్టూ పరిగెడుతూ, కింద పడున్న తూటాలు ఏరుకుంటూ, కాలుస్తూ ఉండటమే.

తర్వాత

2023 అక్టోబరులో వచ్చిన ఆఫ్టర్‌షాక్ ఎక్స్‌పాన్షన్ (ఈ గేమ్‌కి అదనపు భాగం) మొదలుపెట్టాను. గాల్లో తేలే బైక్ ఇచ్చారు, దానికి ఆయుధాలు కూడా ఉన్నాయి. వేగంగా పోతూ కాల్చడం బాగుంది కానీ ఇరుకు మలుపుల్లో బైక్ గోడలకి గుద్దుకుంటూనే ఉంది, అలాంటి చోట దిగి నడవడమే మేలు. అందులోనే అరేంజ్ మోడ్ అని ఒకటుంది. పాత క్యాంపెయిన్‌ని కొత్త శత్రువులు, కొత్త ఆయుధాలతో మళ్లీ పేర్చి ఇస్తుంది. చివరి జోన్లలో నేను చెప్పిన బోర్ దాంతో తగ్గుతుందేమో చూడాలి. ఆ మోడ్‌లో ఇప్పటికి మొదటి జోన్ వీధుల్లోనే ఉన్నాను. సీక్రెట్ల మీద ఆశ చావలేదు కాబట్టి మాల్ దాకా వెళ్లడానికి సమయం పడుతుంది.