మెడ మీద గడ్డ

నాకు హెచ్‌ఐవీ ఉంది. 2018 వేసవిలో నా సీడీ4 కౌంట్, అంటే రక్తంలో రోగాలతో పోట్లాడే కణాల లెక్క, 62. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి 500 పైనే ఉంటుందట. బ్లౌజులు కుట్టి బతికే దాన్ని, సూదిలో దారం ఎక్కించే ఓపిక కూడా లేదు. మెడ పక్కన గోళీకాయంత గడ్డ. సూదితో తీసి పరీక్ష చేస్తే టీబీ అన్నారు. ముందు టీబీ మందులు వేసి, రెండు వారాలయ్యాక ఏఆర్టీ, అంటే హెచ్‌ఐవీ మందు, మొదలుపెట్టారు. రాత్రి పడుకునేటప్పుడు ఒక మాత్ర. వేసుకుంటే తల తిరిగేది, పిచ్చి కలలు. అయినా పది రోజులకే ఆకలి పుట్టింది. అమ్మ వేడన్నంలో పప్పు కలిపి పెడితే పళ్లెం ఖాళీ చేశాను.

మూడో వారంలో మళ్లీ జ్వరం. గోళీకాయ కాస్తా నిమ్మకాయంత అయింది, చర్మం ఎర్రగా కమిలిపోయింది, తల తిప్పలేను. "ఆ మందులు నీకు పడలేదమ్మా, ఆపెయ్" అన్నాడు మా వీధి ఆర్‌ఎంపీ. రెండు రాత్రులు ఆపేశాను కూడా. ఇప్పటికీ గుండె జల్లుమనే మాట అది.

మూడో రోజు అమ్మ బలవంతంగా ఏఆర్టీ సెంటర్‌కి తీసుకెళ్లింది. డాక్టరమ్మ గడ్డ నొక్కి చూసి, "టీబీ క్రిములు ముందు నుంచీ ఉన్నాయమ్మా. వాటితో పోట్లాడే బలం నీ ఒంట్లో లేదు, అందుకే గడ్డ చిన్నగా ఉండేది. ఇప్పుడు బలం వస్తోంది, పోట్లాట మొదలైంది" అంది. దీన్ని ఐరిస్ అంటారట. కౌంట్ బాగా పడిపోయాక మందు మొదలుపెట్టినవాళ్లలో ఎక్కువట. వాపు తగ్గడానికి కొన్నాళ్లు స్టెరాయిడ్ మాత్రలు రాసింది. టీబీ మందూ ఏఆర్టీ మందూ ఒక్క పూట కూడా మానొద్దని ఒట్టు వేయించుకుంది. గడ్డ చితికి చీము పోయి, మానడానికి రెండు నెలలు పట్టింది.

ఆరు నెలలకి వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనిపించలేదు. కౌంట్ మాత్రం 148. అంత నెమ్మదా అని ఏడ్చాను. "వైరస్ త్వరగానే అణుగుతుంది అక్కా, కణాలు తయారవ్వాలంటే ఏళ్లు పడుతుంది" అన్నాడు సెంటర్‌లో కౌన్సెలింగ్ చేసే తమ్ముడు. ఆ తర్వాత 190, 231, కరోనా ఏడాది పరీక్షే లేదు. 2021లో మాత్ర మార్చారు, కలలు పోయాయి. 362 వచ్చినా సెప్ట్రిన్, అంటే వేరే జబ్బులు అంటుకోకుండా ఇచ్చే మాత్ర, వెంటనే ఆపలేదు, ఇంకోసారి 350 దాటాకే ఆపారు.

బస్సులో గలగలమనకుండా మందు డబ్బాలో దూది కుక్కడం నాకు అలవాటు. పోయిన నెల సెంటర్‌లో అలా కుక్కుతుంటే, పక్కన ఒక పిల్ల మెడకి చున్నీ చుట్టుకుని కూర్చుంది. "మందు మొదలెట్టాకే వాచింది, ఆపేద్దామనుకుంటున్నా ఆంటీ" అంది. నా జాకెట్ మెడ పక్కకి జరిపి మచ్చ చూపించి, చెయ్యి పట్టుకుని డాక్టరమ్మ గదిలోకి తీసుకెళ్లాను.