డిపోజ్: ఒక్క మాట దగ్గర పోయిన రెండున్నర మార్కులు

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష సీజీఎల్‌కి ప్రిపేర్ అవుతున్న మిత్రులకు నమస్కారం. నేను కర్నూలులో ఉండి చదువుతున్నాను. పోయిన నెల ఒక మాక్ టెస్టులో డిపోజ్ అన్న ఇంగ్లిష్ మాటకి అర్థం అడిగారు. గద్దె దించడం అని టక్కున పెట్టేశాను. తప్పు. ఆ వాక్యంలో డిపోజ్ చేసింది సాక్షి, అదీ కోర్టులో. అక్కడ దానికి వాంగ్మూలం ఇవ్వడం అని అర్థం. రావలసిన రెండు మార్కులు పోయాయి, పైన అర మార్కు కోత.

ఒకే మాటకి ఇంత దూరపు అర్థాలెందుకని ఆ రాత్రి కూర్చుని వెతికాను. 'డి' అంటే కిందికి, 'పోజ్' అంటే పెట్టడం. రాజుని సింహాసనం మీంచి కిందికి పెట్టినా డిపోజే, సాక్షి తన మాటని కోర్టు ముందు పెట్టినా డిపోజే. మనం గద్దె దించడం అంటాం కదా, అందులో ఉన్నదీ ఈ దించడమే. పదవీచ్యుతిలో చ్యుతి అన్నా జారిపడటమే.

ఈ పోజ్ పుట్టుక ఇంకా బాగుంటుంది. దాని రూపం లాటిన్ పౌజారే నుంచి వచ్చింది. పౌజారే అంటే ఆగడం, మన ఫోన్లో పాజ్ కూడా అక్కడిదే. అర్థం మాత్రం పోనెరే, అంటే పెట్టడం, అన్న వేరే మాటది. ఫ్రెంచిలో రెండూ కలిసిపోయాయి. పోజ్ ఉన్న కంపోజ్, ఎక్స్‌పోజ్, ఇంపోజ్ ఒక వైపు, పోనెరే నుంచి వచ్చిన డిపాజిట్, పొజిషన్, పోస్ట్‌పోన్ ఇంకో వైపు రాసుకోండి. ఒక్క పేజీలో పది మాటలు వస్తాయి, మళ్లీ మర్చిపోరు.

హిస్టరీతో కలిపితే ఇంకా గట్టిగా నిలుస్తుంది. ఇంగ్లండులో రెండో రిచర్డ్‌ని 1399లో డిపోజ్ చేశారు. మా ఊళ్లోనే నవాబు గులాం రసూల్ ఖాన్‌ని 1839లో ఈస్టిండియా కంపెనీ డిపోజ్ చేసింది. జొహరాపురం దగ్గర పోరు జరిగాక ఆయన్ని బంధించి తిరుచిరాపల్లికి పంపారు. నేను రోజూ ఆ జొహరాపురం మీదుగానే లైబ్రరీకి వెళ్తాను.

ఇంపీచ్‌ని మాత్రం దీనితో కలపొద్దు. అమెరికాలో అది అభియోగం మోపడం వరకే. 1868లో అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్‌ని, 1998లో అధ్యక్షుడు క్లింటన్‌ని ఇంపీచ్ చేశారు, ఇద్దరూ పదవిలోనే కొనసాగారు.

నిన్న ఒక అఫిడవిట్ మీద సంతకం పెడుతుంటే, సంతకం చోటు కింద డిపోనెంట్ అని కనిపించింది. వాంగ్మూలం ఇచ్చే మనిషి! ఇంటర్ నుంచి అలాంటి కాగితాల మీద సంతకాలు పెడుతూనే ఉన్నాను, ఆ మాటని ఆగి చదివింది మాత్రం నిన్నే.