గ్యాస్ కాదండీ అని రెండుసార్లు చెప్పాను

2019 గుడ్ ఫ్రైడే రోజు గుంటూరులో మా చర్చిలో ఏడు మాటల ఆరాధన మధ్యలోనే బొడ్డు చుట్టూ నొప్పి మొదలైంది. సాయంత్రానికి కుడివైపు కిందికి దిగింది. హాస్పిటల్‌కి వెళ్తే డ్యూటీ డాక్టర్ పొట్ట మీద చెయ్యి కూడా వేయకుండా "ఉపవాసం ఉన్నారుగా, గ్యాస్" అని ఇంజెక్షన్ చేయించి పంపేశాడు. గ్యాస్ కాదండీ అని రెండుసార్లు చెప్పాను. శనివారం వేరేచోట స్కాన్ తీస్తే అపెండిక్స్ పగిలిందన్నారు, ఆ రాత్రికి రాత్రే ఆపరేషన్.

ఆదివారం అత్తమ్మ తెల్లవారుజామునే సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించి, అటు నుంచి అటే నా దగ్గరికొచ్చింది. మధ్యాహ్నం నాకు తెలివొచ్చేసరికి వార్డు టీవీలో శ్రీలంక బాంబు పేలుళ్లు. కొలంబోలో సెయింట్ ఆంథోనీ, నెగొంబోలో సెయింట్ సెబాస్టియన్, బట్టికలోవాలో జియోన్ చర్చి, ఇంకా పెద్ద హోటళ్లు. ఈస్టర్‌కని మంచి బట్టలు కట్టుకుని వెళ్లినవాళ్లు. జియోన్ చర్చి దగ్గర సండే స్కూల్ పిల్లలు కూడా పోయారు.

ఆ రాత్రి చలిజ్వరం. మంచం కదిలిపోయేంత వణుకు. కళ్లు మూస్తే మా చర్చి, మా పిల్లలే కనిపించారు. అత్తమ్మ పైకే ప్రార్థన చేస్తుంటే పక్క మంచం వాళ్ల బంధువు "చర్చిలో ఉన్నవాళ్లనే కాపాడని దేవుడు ఈ అమ్మాయినేం కాపాడతాడమ్మా, పడుకోండి" అన్నాడు. అత్తమ్మ బదులు చెప్పలేదు, తడిగుడ్డ మార్చి నా నుదుటి మీద వేసింది. ఆ మాట మాత్రం నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

రెండింటికి నర్సమ్మ పెద్ద డాక్టర్‌కి ఫోన్ చేసి, మందు మార్పించి, తెల్లారేదాకా నా దగ్గరే నిలబడింది. ఆమె చల్లగా ఉండాలి.

ఇంటికొచ్చాక తెలిసింది, దాడి జరగొచ్చని మన భారత నిఘా వాళ్లు ఏప్రిల్ 4నే శ్రీలంకకు చెప్పారని. చెప్పినా ఎవరూ పట్టించుకోలేదు, 269 మంది పోయారు! నా కడుపునొప్పిని ఆ చావులతో పోల్చడం లేదు, కానీ చెప్పినా వినకపోవడం అంటే ఏంటో నాకు ఒంటికి తెలుసు. 2023 జనవరిలో అక్కడి సుప్రీంకోర్టు మాజీ అధ్యక్షుడు సిరిసేనను 10 కోట్ల శ్రీలంక రూపాయలు నష్టపరిహారం కట్టమంది. మా డ్యూటీ డాక్టర్‌ని ఎవరూ ఏమీ అడగలేదు. నేనూ వెళ్లి అడగలేదు, అదే కోపం.

బొడ్డు దగ్గర మొదలై కుడివైపుకి దిగే నొప్పిని గ్యాస్ అంటే నమ్మకండి, స్కాన్ చేయమని అక్కడే కూర్చోండి.

ఇప్పుడు ఈస్టర్‌కి అత్తమ్మతో నేనూ సమాధుల దగ్గరికి వెళ్తాను. మామయ్యగారి దగ్గర వెలిగించాక ఆమె ఇంకో కొవ్వొత్తి తీసి, ఆ పిల్లలకమ్మా అని నా చేతికిస్తుంది.